సూదిలో భేదిఉప్పు

మా బిలాస్‌పూర్ రైల్వే డిస్పెన్సరీలో మందులన్నిటికీ మర్యాద ఉండేది, ఒక్క భేదిఉప్పుకి తప్ప. క్వినైను సీసా కనిపిస్తే జనం దణ్ణం పెట్టినంత పని చేసేవారు. టింక్చరు అయొడిన్ అంటే ఆమడ దూరం పారిపోయేవారు. భేదిఉప్పు పేరెత్తితే మాత్రం పళ్ళికిలించేవారు. నేను కంపౌండరుగా చేరిన మూడో నెలకే, మా రైల్వే క్వార్టర్లున్న తార్‌బహార్‌లో నాకు ‘భేదుప్పు శంకరరావు’ అని పేరు పెట్టేశారు. పెట్టినవాళ్ళు పరాయివాళ్ళు కారు. బొబ్బిలి, చీపురుపల్లి, పలాస వైపు నుంచి బి.ఎన్.ఆర్. రైలు కొలువులకి వచ్చి పాతుకుపోయిన మా తెలుగువాళ్ళే. పరాయివాళ్ళకి అంత తీరిక ఎక్కడిది?

వాళ్ళ నవ్వుకి కారణం లేకపోలేదు. నెలకోసారి, రెస్టు రోజు చూసుకుని, ఇంటిల్లిపాదీ పరగడుపున తలో గ్లాసు ఉప్పునీళ్ళు తాగడం మా క్వార్టర్లలో ఆచారం. డిస్పెన్సరీలో ఊరికే ఇస్తారు కదా, మానేస్తే నష్టమని వాళ్ళ లెక్క. ఆ పూట లైను చివర దొడ్ల దగ్గర చెంబులతో నిలబడ్డ వరస, స్టేషన్లో టికెట్టు కిటికీ ముందు వరసకి ఏమీ తీసిపోయేది కాదు. కడుపుతో ఉన్న ఆడదానికి మాత్రం ఆ పొట్లం కనబడనిచ్చేవారు కాదు. తాగితే కడుపు జారిపోతుందని భయం. ఆ భయం మంచిదే, నేనూ ఏనాడూ కాదనలేదు.

నవ్వేవాళ్ళని నవ్వనిచ్చాను గానీ, లోపల నాకు ఒళ్ళు మండేది. వాళ్ళకి ఆ ఉప్పు సంగతి ఏం తెలుసు? డబ్బా తెరిస్తే సన్నటి గాజు సూదుల్లా మెరుస్తూ ఉంటుంది. నాలుక మీద పెడితే మొదట చల్లగా తగిలి, ఆ వెనకే చేదు. నీళ్ళలో వేసి కలిపితే మడ్డి లేకుండా, రంగు లేకుండా మాయమైపోతుంది, గ్లాసు పట్టుకున్న చేతికి చల్లదనం తెలుస్తుంది. ఇంజను మీద పన్నెండు గంటలు నిలబడి కాళ్ళు వాచిన ఫైర్‌మన్‌ వేణ్ణీళ్ళలో గుప్పెడు వేసుకుని పాదాలు పెట్టుకుంటే, లేచేటప్పుడు మనిషిలా లేచేవాడు. గ్లిజరిన్‌తో నూరి సెగగడ్డ మీద పట్టీ వేస్తే లోపలి చీమూ నీరూ బయటికి లాగేసేది. ఇన్ని పనులు చేసే మందు నా అలమారలో ఇంకోటి లేదు. నాకు ఆ ఉప్పంటే గౌరవం. దాన్ని నాకంటే బాగా తెలిసినవాడు బిలాస్‌పూర్‌లో లేడని గర్వం కూడా ఉండేది. ఆ గర్వం సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

ముప్ఫై ఆరో సంవత్సరం, వైశాఖ మాసం. ఎండ ఎలా కాసిందంటే, పొద్దున ఏడింటికే డిస్పెన్సరీ కిటికీ చువ్వ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. డాక్టరుగారు తెల్లవారుజాము బండికి లైను మీదికి వెళ్ళారు, మర్నాటికి గానీ రారు. నేను తాళం తీసి కూర్చున్నానో లేదో, బంగార్రాజు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

బంగార్రాజు కేరేజీ ఖలాసీ. బండి వచ్చి ఆగగానే పొడుగు సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టి, మోతని బట్టి ఎక్కడ పగులుందో చెప్పడం అతని పని. రోజుకి వందల చక్రాలు వింటాడు, తను మాత్రం పది మాటలు మాట్లాడడు. ఆ రోజు ఆ పది మాటలూ ఒక్కసారే మాట్లాడాడు.

“కంపౌండరు బాబూ, మా సిన్నమ్మికి గుర్రపువాతం వొచ్చేసినాది. కళ్ళు తేలేసి కొట్టేసుకుంటంది. అచ్చియమ్మగారు ఈ సీటీ ఇచ్చినారు. బేగి రండి బాబూ.”

అచ్చియమ్మ మా రైల్వే మంత్రసాని. విజయనగరం వైపు మనిషి, పాతికేళ్ళు నిండకుండానే భర్త పోతే, ఊళ్ళోవాళ్ళ నోళ్ళకి జడవకుండా పురుళ్ళ చదువు చదువుకుని ఇక్కడికి వచ్చింది. ఆవిడ చీటీలో రెండే ముక్కలున్నాయి. ‘మేగ్ సల్ఫ్, సగానికి సగం, మరిగించి వడకట్టి. పెద్ద సిరంజి.’ మేగ్ సల్ఫ్ అంటే డాక్టర్ల భాషలో మా భేదిఉప్పే. కాన్పుకి ముందు వచ్చే ఆ వాతానికి దీన్ని సూదిమందుగా ఎలా ఇవ్వాలో డాక్టరుగారు ఒక కాగితం మీద రాసి అలమార తలుపుకి అంటించారు. ఆయన ఇస్తుండగా అచ్చియమ్మ రెండుసార్లు పక్కన నిలబడి చూసింది. నేను మాత్రం ఆ మందు అప్పటిదాకా కలపలేదు.

కిటికీలో ఉన్న ఉప్పుడబ్బా అందుకున్నాను. మూత వదులై ఎన్నాళ్ళయిందో, పైనున్న సూదులన్నీ చిట్లి తెల్లటి పొడి అయిపోయాయి. మంచిదే, తొందరగా కరుగుతుందనుకున్నాను. ఆ పొడే ఒక ఔన్సు తూచాను, రవ్వంత కూడా అటూ ఇటూ కాకుండా. నీళ్ళు పోసి మొత్తం రెండు ఔన్సులు చేశాను. మరిగించి, వడకట్టి, సీసాలో పోసుకుని బంగార్రాజు వెంట పరిగెత్తాను.

క్వార్టరు ముందుగదిలో చాప మీద పడి ఉంది బంగార్రాజు భార్య చిన్నమ్మి. పంతొమ్మిదేళ్ళ పిల్ల, తొలిచూలు, ఎనిమిదో నెల దాటింది. మొహం, కాళ్ళు వాచిపోయాయి. రాత్రంతా తలనొప్పని ఏడ్చిందట, తెల్లారేసరికి దీపం మసగ్గా కనబడుతోందందట. ఆ తరవాత వాతం. అచ్చియమ్మ గరిటె కాడకి గుడ్డ చుట్టి పళ్ళ మధ్య పెట్టి పట్టుకుంది. నేను గుమ్మంలో నిలబడి ఉండగానే మూడోసారి వచ్చింది. నడుం విల్లులా లేచింది, చేతులు కొట్టుకున్నాయి, పెదాలు నీలంగా మారాయి. నిమిషం పైగా ఊపిరి లేదు. తరవాత గురక.

బంగార్రాజు తల్లి అప్పలనర్సమ్మ నా చేతిలో సీసా చూసింది.

“అదేటి బాబూ?”

ఇక్కడ ఏ బుద్ధిమంతుడైనా మేగ్ సల్ఫ్ అని ఊరుకుంటాడు. నాకు గర్వం కదా! “మన భేదిఉప్పే అమ్మా” అన్నాను, కొడుకు పాసయ్యాడని చెప్పినట్టు. అచ్చియమ్మ నా వైపు చూసిన చూపు ఈ జన్మలో మర్చిపోను.

అప్పలనర్సమ్మ లేచి కోడలికీ మాకూ మధ్య నిలబడింది. పొట్టి మనిషే గానీ ఆ గదిలో అప్పుడు గోడలా కనిపించింది.

“జులాబిత్తారేటి? పేనాల మీదికొచ్చి పడున్న పిల్లకి జులాబా? ఓలమ్మో! కడుపు జారిపోద్ది, పిల్ల సచ్చిపోద్ది. నాను ఇవ్వనివ్వను.”

“ఒదినా, నోట్లో పోస్తే జులాబు. కండలోకి ఎక్కిస్తే కాదు. నరాల్ని అణుస్తాది. నా కళ్ళతో సూసినాను” అంది అచ్చియమ్మ, గరిటె వదలకుండానే.

“ఉప్పు ఒకటే గదా? ఎక్కడ పోసినా అదే పని సేస్తాది.”

“సెయ్యదు ఒదినా.”

“నీకు పిల్లల్లేరు అచ్చియమ్మా. నీకు తెల్దు.”

అచ్చియమ్మ మొహంలో ఏమీ మారలేదు. “నాకు లేరు. ఈ పిల్లకి ఉండాలనే సెప్తన్నాను. ఇంకో రెండుసార్లు ఈ వాతం వొస్తే ఇద్దరూ ఉండరు” అంది.

అప్పలనర్సమ్మ కోడలి మొహం చూసింది, సీసా చూసింది. ఆ పిల్లని తల్లి లేనిదని జాలిపడి చేసుకుని, తన పక్కలో పడుకోబెట్టుకుని పెంచినంత పని చేసిందని వీధంతా చెప్పుకునేవారు. ఉన్నట్టుండి చీర కుచ్చెళ్ళు సర్దుకుని గోడవైపు తిరిగింది.

“ముందు నాకు పొడు.”

అచ్చియమ్మ వాదించలేదు. వాదిస్తే ఇంకో వాతం వచ్చేలా ఉంది. నన్ను బయటికి వెళ్ళమని కళ్ళతోనే చెప్పి, సిరంజిలోకి కొంచెమే లాగి పొడిచింది. లోపల్నుంచి కెవ్వుమని అరుపు. ఆ తరవాత గొణుగుడు.

“ఓలప్పో, నిప్పెట్టినట్టుంది... కడుపులో ఏటీ లేదు. తుంటే కాలిపోతంది. అచ్ఛా, కానీ మరి. బేగి కానీ.”

జులాబు పనిచేయాలన్నా గంట పడుతుంది, ఆ మాట ఆవిడకీ తెలుసు. ఆవిడకి కావలసింది రుజువు కాదని నాకు తరవాత అర్థమైంది. కోడలి ఒంట్లోకి పోయేది ముందు తన ఒంట్లోకి పోవాలి, అంతే. నాకు అత్తగార్ల మీద అంత మంచి అభిప్రాయం ఎప్పుడూ లేదు. ఆ రోజుతో కొంత మార్చుకోవలసి వచ్చింది.

తొమ్మిదింటికి చిన్నమ్మి రెండు తుంటుల్లోనూ సూది పడింది. అరగంటకి మళ్ళీ వాతం వచ్చింది గానీ, సగంలోనే సడలిపోయింది. ఆ తరవాత రాలేదు. పది అయింది. పదకొండయింది. బిగుసుకున్న దవడ వదులైంది, గరిటె తీసేశారు. పిడికిళ్ళు విచ్చుకున్నాయి. పెదాలకి రంగొచ్చింది. పేగుల్ని ఉరికించే ఉప్పే, దారి మార్చి పంపితే, అంత తుఫానుని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నేను గడప అవతల కూర్చుని చూస్తూ, సిగ్గు విడిచి చెబుతున్నాను, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. నవ్వినవాళ్ళందర్నీ పిలిచి చూపించాలనిపించింది.

అచ్చియమ్మకి మాత్రం మందు మీద నాకున్నంత మోజు లేదు. మరో మోతాదుకి నాలుగ్గంటల గడువుంది. ఆ లోపల కాన్పు నొప్పులు మొదలయ్యాయి, ఆవిడకి రెండు చేతులూ చాలలేదు. వాకిట్లో కూలబడి ఉన్న బంగార్రాజుని పిలిచింది. పురిటి గదిలోకి మగాడేమిటని అప్పలనర్సమ్మ గొణిగింది గానీ, కుంటుతూ జరిగి దారిచ్చింది.

“సూడు బంగార్రాజూ. మోకాలి చిప్ప కింద, ఇదిగో ఇక్కడ, సేతి అంచుతో కొట్టాల. కాలు టక్కుమని లేస్తే మందు సరిగ్గా ఉందని. ఈ మందు ఎక్కువైతే ముందు మోకాలు పలకడం మానేస్తాది. ఆ తరవాత ఊపిరి మానేస్తాది. మోకాలు పలక్కపోతే నాను సూది ముట్టుకోను.”

బంగార్రాజుకి రెండోసారి చెప్పక్కర్లేకపోయింది. కొట్టాడు. వాచిన కాలు చిన్నగా ఎగిరింది. అతని మొహం చూస్తే, చక్రం దగ్గర వంగి చెవొగ్గినప్పుడు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు.

ఒంటిగంటకి మోకాలు పలికింది, రెండో మోతాదు పడింది. మూడు దాటాక ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత పిల్ల, కానీ గొంతు మాత్రం గార్డు విజిల్‌ని మించింది. అప్పలనర్సమ్మ పిల్లని పాతచీరలో చుట్టుకుని, ఏడుస్తూనే నా చేతికి బెల్లం ముక్క ఇచ్చింది. అంతా గట్టెక్కాం అనుకున్నాను.

అయిదింటికి మూడో మోతాదు. కాన్పు అయ్యాక కూడా ఒక రోజంతా ఆ వాతం తిరగబెట్టే ప్రమాదం ఉంటుంది కనక ఆపకూడదు. బంగార్రాజు మోకాలి కింద కొట్టాడు. కాలు కదల్లేదు. చెయ్యి మార్చి కొట్టాడు. రెండో మోకాలు చూశాడు. తలెత్తి, “పలకడం లేదమ్మా” అన్నాడు.

అచ్చియమ్మ సిరంజి పళ్ళెంలో పెట్టేసింది.

“అదేటి, పెట్టేస్తన్నావేటి?” అప్పలనర్సమ్మ గొంతు లేచింది. “ఏళైపోనాది. మళ్ళీ వాతం వొస్తే? పొడు అచ్చియమ్మా! పొద్దున్న అడ్డొచ్చినానని ఇప్పుడు కోపమేటి? నీ కాళ్ళు పట్టుకుంటాను, పొడు!”

“ఇప్పుడు పొడిస్తే ఊపిరి ఆగిపోతాది ఒదినా” అంటూ అచ్చియమ్మ సీసా ఎత్తి వెలుతురుకి పెట్టి చూసింది. “రెండు మోతాదులకే ఇలగవకూడదు. ఎందుకయ్యిందో నాకు తెలడం లేదు” అంది. ఆవిడ నన్ను చూడలేదు, సీసానే చూసింది.

అప్పుడు తట్టింది నాకు. ఆ ఉప్పు గాజులా మెరుస్తుందంటే, అది తన లోపల నీళ్ళు పట్టుకుని ఉండబట్టే. బరువులో సగం ఆ నీళ్ళదే. వేడిగాలి తగిలితే ఆ నీరు కొంచెం కొంచెంగా ఎగిరిపోతుంది, సూది చిట్లి పొడి అవుతుంది. నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది. కాబట్టి ఒక ఔన్సు సూదుల్లో కంటే ఒక ఔన్సు పొడిలో మందు ఎక్కువ. ఇది నాకు తెలియని సంగతి కాదు, నా తరవాత చేరినవాళ్ళకి నేనే పాఠంగా చెప్పాను. పొద్దున అదే డబ్బాలోంచి, అదే పొడిని, రవ్వంత కూడా తేడా రాకుండా తూచి తెచ్చింది నేనే. ఎంత ఎక్కువైందో కూడా చెప్పలేను. ఆ డబ్బా నుంచి ఎంత నీరు పోయిందో ఎవడు కొలిచాడు?

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. వాతమే చంపిందనుకుంటారు, లేకపోతే అచ్చియమ్మ సూది చంపిందంటారు. డాక్టరు లేకుండా ఓ విధవ మంత్రసాని సూది పొడిచిందంటే వీధి ఆవిణ్ణే తింటుంది. ఈ ఆలోచన నాకు వచ్చింది. వచ్చిందని ఒప్పుకుంటున్నాను. ఎంతసేపు ఉందో మాత్రం అడగొద్దు.

“తప్పు నాది” అన్నాను. “ఉప్పు ఎండకి పొడైపోయింది. నేను చూసుకోకుండా మామూలు తూకమే తూచాను. మందు ఘాటెక్కిపోయింది. అచ్చియమ్మగారి చేతిలో దోషం లేదు.”

బంగార్రాజు నన్ను చూశాడు. మళ్ళీ భార్య మోకాలి వైపు తిరిగాడు. ఆ చూపు కంటే సుత్తితో కొట్టినా బాగుండేది. అప్పలనర్సమ్మ పసిగుడ్డుని చాప మీద పడుకోబెట్టి, కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకుని తల వంచాను.

“పొద్దున్న నాకు పొడిసింది ఈ సీసాలోదేనా?”

“అవునమ్మా.”

ఆవిడ బంగార్రాజు పక్కన కూలబడి కాలు చాపింది. “కొట్టరా” అంది. బంగార్రాజు తల్లి మోకాలి కింద కొట్టాడు. కాలు ఎగిరింది.

“సూసినావా? నాను లేచి తిరుగుతన్నాను. అదీ లేస్తాది.”

ఆవిడకి ఎక్కింది కొంచెమేనని నాకు తెలుసు, అచ్చియమ్మకీ తెలుసు. ఇద్దరం చెప్పలేదు.

“శంకరరావుగారూ, అలగ నిలబడిపోకండి. గడియారం తీసి ఊపిరి లెక్కెట్టండి. ఈ ఉప్పు మూత్రంలోనే బయటికి పోవాల. రబ్బరు గొట్టం వేసినాను, మూత్రం వొస్తంది. అది వొస్తన్నంతసేపూ ఆశుంది. ఊపిరి తగ్గితే నాకు సెప్పండి” అంది అచ్చియమ్మ.

లెక్కపెట్టాను. నిమిషానికి పదకొండు, మామూలుగా పదహారుకి తగ్గకూడదు. ఒకసారి పది. పదీ తొమ్మిదీ మధ్య ఒక నిమిషం ఉంది చూడండి, అంత పొడుగు నిమిషం నేను మళ్ళీ చూడలేదు. అచ్చియమ్మ చిన్నమ్మి గడ్డం ఎత్తి పట్టుకుని అలాగే కూర్చుంది. గొట్టం చివర కుండలోకి చుక్క చుక్క పడుతోంది. ఒంటికి అక్కర్లేని ఉప్పుని ఒళ్ళే వెతికి బయటికి తోసేస్తోంది. నేను పొడిలో పోగొట్టుకున్న లెక్క ఆ చుక్కల్లో సరిపోవాలని ఏ దేవుడికి మొక్కానో గుర్తులేదు. ఆ ఉప్పుకే మొక్కానేమో.

పదకొండు. పన్నెండు. పన్నెండు. సైరన్ కూసింది, షెడ్డు డ్యూటీ మారింది. అప్పలనర్సమ్మ దీపం వెలిగించి గూట్లో పెట్టింది. బంగార్రాజు ఆగి ఆగి కొడుతూనే ఉన్నాడు. ఈ మోకాలు, ఆ మోకాలు. చేతి అంచు కందిపోయింది. ప్రతిసారీ తలొంచి వింటున్నాడు, మోకాలికి మోత ఉండదని తెలిసి కూడా. పదమూడు. పద్నాలుగు. వాతం జాడ లేదు.

ఏడు కావస్తుండగా మళ్ళీ కొట్టాడు. కాలు ఎగిరింది. చిన్నగా, దుప్పటి అంచు కదిలినంత.

బంగార్రాజు నమ్మలేదు. ఇంకోసారి, కాస్త గట్టిగా కొట్టాడు. కాలు మళ్ళీ ఎగిరింది, ఈసారి బాగానే ఎగిరింది. చిన్నమ్మి కనురెప్పలు కదిలాయి. పొద్దుటినుంచి తనకేం జరిగిందో ఆ పిల్లకి తెలియదు, బిడ్డ పుట్టిందని కూడా తెలియదు. కొరుక్కుని వాచిపోయిన నాలుకతో, కళ్ళు సగమే తెరిచి, మొగుడి ఎత్తిన చేతిని చూసింది.

“నానేటి సేసినాను... నన్ను కొడతన్నావేటి?”

బంగార్రాజు బావురుమన్నాడు. పదిళ్ళకి వినబడేలా ఏడ్చాడు. అతనికి అంత గొంతుందని ఆ వీధిలో ఎవరికీ తెలియదు. అప్పలనర్సమ్మ పసిగుడ్డుని కోడలి పక్కలో పెట్టి, పిల్ల నుదుటి మీది జుట్టు వెనక్కి తోసింది.

“కొట్టనీ తల్లీ” అంది. “ఇంకోసారి కొట్టనీ.”